గాలి ఎక్కడ పోతోంది?

పొద్దున ఏడున్నర. విజయవాడ ఆటోనగర్‌లో అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. టీ కొట్టు దగ్గర బెంచీల మీద కుర్రాళ్లు నిద్రమత్తు వదిలించుకుంటున్నారు. మేస్త్రి తన షెడ్డు ముందు స్కూటరుకి స్టాండు వేసి తలెత్తి చూశాడు. గుండె జారిపోయింది.

రాత్రి తాళం వేసి వెళ్లేటప్పుడు దర్జాగా నిలబడి ఉన్న బండి, తెల్లారేసరికి చెరువులో దిగిన గేదెలా నేలకి అతుక్కుపోయింది. నాలుగు చక్రాలూ మడ్‌గార్డుల్లోకి దూరిపోయాయి. టైరుకీ పై అంచుకీ మధ్య వేలు పట్టేలా లేదు.

తాళం తిప్పాడు. ఇంజిను ఎప్పట్లాగే స్టార్టయింది. బండి కింద, వెనక ఎడమ చక్రానికి కాస్త ముందు ‘గుర్ర్...’మంటూ కంప్రెసర్ మొదలైంది. ఒక నిమిషం, రెండు, మూడు... బండి లేవలేదు. ఇంకాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ఆ కంప్రెసర్ పాతదేం కాదు. నాలుగు నెలల కిందట అతను వేసిందే. అంతకు అయిదు నెలల ముందు వేసింది కూడా అతనే. మొదటిది బండి ఓనరు డబ్బుతో. రెండోది తన సొంత డబ్బుతో. ఇంట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కూర్చుని లేచే బండి

అది ఇంగ్లండులో తయారైన పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్. గుడివాడ వైపు ఓ పల్లె నుంచి వస్తుంది. చేపల చెరువులున్న రైతు మూడో చేతి మీద కొన్నాడు. గొప్పకోసం కొన్నాడని ఊళ్లో అందరూ అనుకున్నారు. అసలు కారణం వేరు. ఆయన తల్లికి తుంటి ఎముక ఆపరేషనైంది. ఎత్తయిన బండి ఎక్కలేదు. కిందికుండే కారులో కూర్చుంటే మళ్లీ లేవలేదు. పైగా ఊరి రోడ్డు గతుకులకు చిన్న కారులో ఒళ్లు హూనమైపోయేది. నెలనెలా విజయవాడ ఆసుపత్రికి తీసుకురావడం పెద్ద యాతన అయిపోయింది.

ఈ బండిలో మీట నొక్కితే నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆవిడ నెమ్మదిగా ఎక్కి కూర్చుంటుంది. బయల్దేరగానే మళ్లీ పైకి లేస్తుంది. గతుకు వస్తే కుదుపు లోపలికి రాకుండా మింగేస్తుంది. ‘ఒంటె మీద కూర్చున్నట్టుందిరా’ అని ఆ పెద్దావిడ మొదటిసారి నవ్వినప్పుడే, పెట్టిన డబ్బంతా తిరిగొచ్చేసిందన్నాడు ఆయన.

ఆ కూర్చుని లేవడమంతా గాలితోనే. మామూలు జీపులో కమాన్ కట్టలుంటాయి, కారులో ఇనుప స్ప్రింగులుంటాయి. ఎయిర్ సస్పెన్షన్ బండిలో వాటి స్థానంలో నాలుగు రబ్బరు సంచులుంటాయి. వాటినే ఎయిర్ స్ప్రింగులంటారు. సంచిలోకి గాలి పంపితే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. గాలి తయారుచేసేది కరెంటు మోటారుతో తిరిగే ఓ చిన్న కంప్రెసర్. తయారైన గాలి కొంత ఓ సిలిండరులో నిల్వ ఉంటుంది. ఏ సంచికి ఎంత పంపాలో వాల్వులు చూసుకుంటాయి. ఏ మూల ఎంత ఎత్తుందో నాలుగు సెన్సర్లు చెబుతాయి. వీటన్నిటిమీదా పెత్తనం చేసే కంట్రోల్ యూనిట్ ఒకటి. మన కారు టైరులో గాలి 30-35 పీఎస్ఐ ఉంటుంది. ఇక్కడ కొన్ని మోడళ్లలో కంప్రెసర్ చేసే ఒత్తిడి 200 పీఎస్ఐ కూడా దాటుతుంది. అరచేతిలో పట్టేంత పిస్టన్ అంత పని చేయాలి!

ఈ విద్య కొత్తది కాదు. అమెరికాలో గ్రేహౌండ్ కంపెనీ దూరప్రయాణాల బస్సులకు 1950ల్లోనే గాలి సంచులు పెట్టారు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అనే ఖరీదైన కారుకూ పెట్టారు. గాలి కారిపోతోందని చాలామంది ఓనర్లు వాటిని పీకించి ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. 1992లో రేంజ్ రోవర్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. ఆ తర్వాత చాలా పెద్ద కంపెనీలు అదే దారి పట్టాయి. ఇన్నేళ్ల తేడాలో ఎలక్ట్రానిక్స్ ఎంతో మారాయి గానీ అసలు జబ్బు మారలేదు. గాలి... దారి దొరికితే పోతుంది.

రెండు కంప్రెసర్లు

మొదటిసారి ఆ బండి షెడ్డుకొచ్చినప్పుడు మేస్త్రి తప్పేమీ చేయలేదు. కనీసం అతను అలాగే అనుకున్నాడు. స్కానరు పెట్టి చూశాడు. ‘సిలిండరులో ఒత్తిడి పెరగాల్సినంత వేగంగా పెరగడం లేదు’ అని చూపించింది. స్కానరు మాట నమ్మి ఊరుకోలేదు. కంప్రెసరుకి గేజి తగిలించి నడిపాడు. ముల్లు సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. విప్పితే లోపల పిస్టన్ రింగు అరిగి పొడి రాలుతోంది. ఇంకేం కావాలి? కొత్త కంప్రెసర్ తెప్పించి వేశాడు. అయిదంకెల బిల్లు. ఓనరు మారు మాట్లాడకుండా ఇచ్చాడు. బండి హాయిగా లేచింది.

అయిదు నెలలకు మళ్లీ దిగింది. మళ్లీ అదే కోడు. ఈసారి మేస్త్రికి సిగ్గేసింది. వేసిన సరుకే నాసిరకమైందేమో అనుకున్నాడు. పార్సెల్ పంపిన వాడితో ఫోన్లో గొడవపడ్డాడు. వాడు ‘ఎలక్ట్రికల్ సామాన్లకు గ్యారంటీ లేదు’ అనేశాడు. ఓనరును మళ్లీ డబ్బడగడానికి మనసొప్పలేదు. పాతికేళ్లుగా ఆటోనగర్‌లో సంపాదించుకున్నది ఆ ఒక్క మాటే... ‘ఆయన దగ్గరికి వెళ్తే మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు’ అని. కూతురి కాలేజీ ఫీజు రెండో విడతకని దాచిన డబ్బు తీసి మరో కంప్రెసర్ తెప్పించాడు.

ఇప్పుడు ఇది మూడోసారి.

గాలి కారుతోందేమోనని అతను చూడలేదా అంటే, చూశాడు. పైపుల జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లాడు. ఎక్కడా బుడగ రాలేదు. ఇక సంచుల సంగతంటారా... ఒక సంచికి చిల్లు పడితే ఆ మూల ఒక్కటే దిగాలి కదా! ఈ బండి దిగినప్పుడల్లా నాలుగు మూలలూ సమానంగా, టేపు పెట్టి కొలిచినట్టు దిగుతోంది. అంటే సంచులు బాగానే ఉన్నాయన్నమాట. మిగిలింది కంప్రెసర్ ఒక్కటే. అతని లెక్క అది.

‘నాలుగూ ఒకేసారి చిరిగాయా?’

ఆ రాత్రి అన్నం కలుపుతూనే పరధ్యానంలో పడ్డాడు. ఎదురుగా కూర్చున్న తండ్రి చాలాసేపు చూసి, ‘ఏంట్రా, ఏ బండి మొరాయించింది?’ అనడిగాడు.

ఆ పెద్దాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. స్కానర్లూ కోడులూ ఆయనకు తెలీవు. కానీ గాలి తెలుసు. బస్సు బ్రేకులు పనిచేసేది గాలితోనే. పొద్దున్నే బస్సు బయటికెళ్లేముందు గాలి ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు తిప్పి, రాత్రి పేరుకున్న నీళ్లు వదలడం ఆయన రోజూ చేసిన పని. ట్యాంకు నింపి, ఇంజిను ఆపి, గేజి ముల్లు వంక చూస్తూ నిలబడేవాడు. ముల్లు కదిలిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అది దొరికేదాకా బండిని గేటు దాటనిచ్చేవాడు కాదు. సర్వీసు చివర్లో గాలి సంచుల బస్సుల మీద కూడా చేయి పెట్టాడు.

కొడుకు సంగతి చెప్పాడు. రెండో కంప్రెసర్ డబ్బు ఎక్కడిదో మాత్రం చెప్పలేదు.

తండ్రి నింపాదిగా విని, ‘మన మేడ మీద నీళ్ల మోటారు రెండుసార్లు కాలిపోయింది, గుర్తుందా?’ అన్నాడు.

‘ఆ...’

‘మోటారు చేసేవాడు రెండుసార్లు వైండింగు చేసి డబ్బులు తీసుకున్నాడు. మూడోసారి మీ అమ్మ కనిపెట్టింది. బాత్రూములో ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతోంది. ట్యాంకు ఖాళీ అవుతోంది, మోటారు దానంతటది ఆన్ అవుతోంది. మోటారు చేసిన తప్పేంటి? ఇంట్లో కారుతున్నదానికి అది బయట చచ్చింది.’

‘అది తెలుసు నాన్నా. కానీ ఇక్కడ ఏ మూలా కారడంలేదు. నాలుగూ సమానంగా దిగుతున్నాయి.’

పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ‘నాలుగు సంచులూ ఒకేరోజు, ఒకే సైజులో చిరిగాయా? వాటికేమైనా మొక్కా? వాటంతటవి సమానంగా దిగవురా. ఎవరో దించుతున్నారు. ఎవరు దించుతున్నారో చూడు’ అన్నాడు.

మేస్త్రి లాప్‌టాప్ తెరిచాడు. ఆ మోడలు వర్క్‌షాపు మాన్యువల్ అందులో ఎప్పట్నుంచో ఉంది. ఇన్నాళ్లూ కోడుల పేజీలే చదివాడు. ఆ రాత్రి మొదటిసారి ‘ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుంది’ అన్న భాగం మొదటి నుంచి చదివాడు. పదకొండు దాటాక దొరికింది.

తాళం తీసుకుని ఇంటికెళ్లిపోయినా ఆ బండిలోని కంట్రోల్ యూనిట్ పూర్తిగా నిద్రపోదు. కొన్ని గంటలకోసారి లేచి నాలుగు మూలల ఎత్తూ చూసుకుంటుంది. ఇంజిను ఆగి ఉంటుంది కాబట్టి కంప్రెసర్ వేసి దిగిన మూలను లేపలేదు. అందుకని మిగిలిన మూడింటిలోంచీ గాలి వదిలి, వాటిని దిగిన దానితో సమానం చేస్తుంది. బండి ఒరిగి నిలబడకూడదని అలా పెట్టారు. ఆ మూల మరికాస్త దిగితే మిగతావీ మరికాస్త దిగుతాయి. తెల్లారేసరికి నాలుగూ నేలమీదే!

చిల్లు ఒక్కదానికే. దిగింది మాత్రం నాలుగూ. చూసేవాడికి ఏ మూల నొప్పిగా ఉందో తెలియనే తెలియదు.

టార్చిలైటు వెతుకుతుంటే...

అప్పటికప్పుడు షెడ్డుకు వెళ్లాలనిపించింది. తన టార్చి పనిచేయలేదు. తండ్రి అలమరలో ఒకటుంటుందని వెతికాడు. టార్చితోపాటు బీపీ మాత్రల పట్టీ చేతికి తగిలింది. నెల మొదట్లో తనే తెచ్చిచ్చాడు. ఈపాటికి అయిపోవాలి. సగం అలాగే ఉంది.

అలాగే నిలబడిపోయాడు. ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. భార్య ఈ మధ్య పాలు అర లీటరే తీసుకుంటోంది. అడిగితే ‘ఎవరూ తాగడం లేదుగా’ అంది. కూతురు కాలేజీకి ఆటో మానేసి నడిచి వెళ్తోంది. అడిగితే ‘ఫ్రెండ్స్ అందరం కబుర్లు చెప్పుకుంటూ వెళ్తున్నాం నాన్నా’ అంది. తండ్రి రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నాడు.

ఫీజు డబ్బు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అయినా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అడగలేదు. తలా కాస్త దిగారు. బయటినుంచి చూస్తే ఇల్లు సమానంగానే ఉంది.

‘రేపట్నుంచి మాత్రలు రోజూ వేసుకో నాన్నా’ అన్నాడు, తిరిగొచ్చి. గొంతు వణికింది. పెద్దాయన ఏదో అనబోయి, ఊరుకుని, చెప్పులు వేసుకున్నాడు. ‘పద, నేనూ వస్తాను’ అన్నాడు.

షాంపూ పొట్లం పరీక్ష

ఆ రాత్రి షెడ్డులో చేసిన పని చాలా తేలికైంది. ఎవరైనా చేయగలిగింది. ముందు చేసి ఉంటే ఒక కంప్రెసర్ మిగిలేది.

వేడి తగ్గిన కంప్రెసరుతో బండిని ఎలాగోలా మామూలు ఎత్తుకు లేపారు. సమంగా ఉన్న చోట నిలిపారు. సస్పెన్షన్ కంట్రోల్ యూనిట్ ఫ్యూజు పీకేశారు. ఇక రాత్రి లేచి దించేవాడు లేడు. కారేది ఏదో అదొక్కటే దిగాలి. చక్రం మధ్య బొడిపె నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, నాలుగు అంకెలూ సుద్దముక్కతో గోడమీద రాశారు. అన్నీ 47, 48 సెంటీమీటర్ల దగ్గరే ఉన్నాయి.

పొద్దున ఆరింటికి మళ్లీ కొలిచారు. మూడు మూలలు ఉన్నచోటే ఉన్నాయి. డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర 41.

దొంగ దొరికాడు. ఇక ఇల్లు వెతకాలి. ఫ్యూజు పెట్టి మళ్లీ గాలి నింపారు, మళ్లీ పీకేశారు. మేస్త్రి జాకీ వేసి కిందికి వంగబోతుంటే తండ్రి భుజం పట్టి ఆపాడు. ‘గాలిని నమ్మి బండి కిందికి దూరకు’ అన్నాడు. డిపోలో ముప్పయ్యేళ్లు చెప్పిన మాట అది. గాలి మీద నిలబడ్డ బండి ఎప్పుడైనా, చెప్పకుండా దిగుతుంది. ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే చక్రం విప్పనిచ్చాడు. గాలి పైపు ఏదైనా విప్పాలంటే ముందు ఒత్తిడంతా వదిలేయాలనీ గుర్తుచేశాడు.

రెండు షాంపూ పొట్లాలు మగ్గు నీళ్లలో కలిపి బ్రష్షుతో సంచి మీద పూశారు. ఏమీ లేదు. మేస్త్రి ముఖం వాడిపోయింది. ‘అది ఏ ఎత్తులో ఉంటే కారుతోందో ఆ ఎత్తులో పెట్టి చూడు’ అన్నాడు తండ్రి. రబ్బరు సంచి ఒక చోట మడత పడుతుంది. బండి లేచి దిగినప్పుడల్లా ఆ మడత జరుగుతుంది. పగులు మడత లోపల ఉంటే ఒక ఎత్తులో మూసుకుపోతుంది, ఇంకో ఎత్తులో తెరుచుకుంటుంది. కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి కొద్దికొద్దిగా లేపారు. ఒకచోట, మడత లోపలి అంచున, ఆవగింజంత బుడగ పుట్టింది. ఊరింది, పగిలింది. మళ్లీ పుట్టింది.

దుమ్మూ ఇసుకా చేరి రాపిడికి అరిగిన చోటది. చెవి పెట్టినా వినపడనంత సన్నగా కారుతోంది. దాన్ని వేలితో తుడిచి చూస్తూ, ‘దీనికా ఇంత కథ...’ అన్నాడు మేస్త్రి.

చావు ఒకచోట, జబ్బు ఒకచోట

ఆ ఆవగింజ ఏం చేసిందో తర్వాత కంప్రెసర్ విప్పి చూస్తే పూసగుచ్చినట్టు అర్థమైంది.

ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ కొద్దిసేపు పనిచేసి, ఎక్కువసేపు విశ్రాంతి తీసుకునేలా చేసింది. ఫ్యానులా రోజంతా తిరగడానికి కాదు. గాలి కారుతుంటే రోడ్డు మీద ఉన్నంతసేపూ అది మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలుపెడుతుంది. ఈ తంతులో పిస్టన్ రింగు అరిగిపోతుంది. రింగు అరిగితే ఒత్తిడి రాదు. ఒత్తిడి రాకపోతే ఇంకా ఎక్కువసేపు తిరగాలి. అక్కడ్నుంచి పతనం త్వరత్వరగా జరిగిపోతుంది.

రెండోది తేమ. కంప్రెసర్ పక్కనే ఓ డ్రయ్యరుంటుంది. అందులో తెల్లటి గింజలు గాలిలోని తడిని పీల్చుకుంటాయి. బండి దిగేటప్పుడు పొడిగాలి ఆ గింజల్లోంచే వెనక్కి బయటికి పోతుంది, పోతూపోతూ వాటిని ఆరబెడుతుంది. గాలి చిల్లులోంచి పోతే? డ్రయ్యరు వైపు తిరిగి రాదు. గింజలు తడి పీల్చుకోవడమేగానీ ఆరడం ఉండదు. కృష్ణా జిల్లా ఉక్క గాలి సంగతి చెప్పాలా! అవి నానిపోయాక నీరు వాల్వుల దాకా పోతుంది, తుప్పు పట్టిస్తుంది. మేస్త్రి డ్రయ్యరు విప్పితే గింజలు ముద్దగా రంగుమారి బయటపడ్డాయి. ‘మా బస్సు ట్యాంకులో నీళ్లు పొద్దున్నే వదిలేవాళ్లం. ఇక్కడ వదిలే దారి లేదన్నమాట’ అన్నాడు తండ్రి.

మూడోది రిలే. కంప్రెసరుకు కరెంటిచ్చే అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బా. రోజుకి కొద్దిసార్లు కొట్టుకోవలసింది లెక్కలేనన్నిసార్లు కొట్టుకుంటే లోపలి పాయింట్లు కాలతాయి. ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు తాళం తీసేసినా కంప్రెసర్ ఆగదు. బ్యాటరీ అయిపోయేదాకానో మోటారు మాడేదాకానో తిరుగుతూనే ఉంటుంది. రెండుసార్లూ కంప్రెసర్ మార్చినప్పుడు పాత రిలేనే ఉంచాడు మేస్త్రి. వందల్లో దొరికేదాన్ని వదిలి, వేలు పోసి కొన్నదాన్ని దానికి బలిచ్చాడు.

మొదటి కంప్రెసర్ చెడిపోయిన మాట నిజమే. గేజి అబద్ధం చెప్పలేదు. స్కానరూ అబద్ధం చెప్పలేదు. ‘ఏది చెడింది?’ అని అడిగాడు, సరైన జవాబే వచ్చింది. ‘ఎందుకు చెడింది?’ అని మాత్రం అడగలేదు.

మరమ్మతు చివరికి ఇలా ముగిసింది. ముందు రెండు ఎయిర్ స్ప్రింగులూ మార్చారు. ఒకటే చిరిగినా ఒక ఇరుసు మీద ఉన్నవి జంటగా మార్చడమే మంచిది. రెండోదానికీ అదే వయసు, అదే దుమ్ము. రిలే కొత్తది వేశారు. డ్రయ్యరు గింజలు మార్చారు. మూడో కంప్రెసర్ మోటారు ఇంకా మాడలేదు. దానికి కొత్త రింగు వేస్తే గేజి ముల్లు చివరిదాకా వెళ్లింది. ఇంకో కంప్రెసర్ కొనాల్సిన పనే లేకపోయింది. చివర్లో నాలుగు మూలల ఎత్తూ టేపుతో కొలిచి సరిచేశారు.

‘ముందే ఎందుకు చెప్పలేదు?’

ఓనరు వచ్చిన రోజు మేస్త్రి ఏదీ దాచలేదు. అరిగిన సంచి చూపించాడు. నానిన గింజలు చూపించాడు. ‘మొదటి కంప్రెసర్ ఎలాగూ మార్చాల్సిందేనండీ. అప్పుడే ఈ చిల్లు పట్టుకుని ఉంటే రెండోది అక్కర్లేకపోయేది. నేను చూడలేదు. తప్పు నాదే’ అన్నాడు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘రెండోదానికి నా దగ్గర డబ్బు తీసుకోలేదేంటి మేస్త్రీ? గ్యారంటీలో వచ్చిందనుకున్నాను’ అన్నాడు. నిజం తెలిశాక, ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అనడిగాడు. ఆ మాటే, సరిగ్గా ఆ మాటే, ముందు రోజు రాత్రి భార్య కూడా అడిగింది. ఫీజు సంగతి చెప్పగానే ఆవిడ కోప్పడలేదు. బీరువాలోంచి చీటీ పుస్తకం తీసి ముందు పెట్టింది. ‘వచ్చే నెల పాట మనం పాడదాం. అడుగుతారేమోనని చూస్తున్నా’ అంది.

ఓనరు రెండో కంప్రెసర్ డబ్బులో సగం బల్లమీద పెట్టాడు. మేస్త్రి వద్దన్నాడు. ఆయన వినలేదు. ‘మా అమ్మ ఈ బండిలో తప్ప రానంటోంది. నువ్వు నిలబడాలి గదయ్యా’ అన్నాడు.

షెడ్డు గోడమీద ఆ రాత్రి సుద్దతో రాసిన అంకెలు మేస్త్రి చెరపనివ్వలేదు. వాటి కిందే కుర్రాళ్ల కోసం నాలుగు ముక్కలు రాశాడు. దిగిన బండి ఏది వచ్చినా ముందు ఫ్యూజు తీసి, ఎత్తు కొలిచి, రాత్రంతా ఉంచాలి. తర్వాత సబ్బు నీళ్లు, అదీ రకరకాల ఎత్తుల్లో. తర్వాత ఫ్యూజు, రిలే, వైర్లు, కంప్రెసర్ దగ్గర కరెంటు. ఆ తర్వాత గేజి. ఇవన్నీ అయ్యాకే కంప్రెసర్ మాట ఎత్తాలి. మార్చాల్సివస్తే రిలే, డ్రయ్యరు కూడా చూడందే బండి గేటు దాటకూడదు. ఓనర్లకు కూడా ఒక మాట చెబుతున్నాడు. బండి కడిగేటప్పుడు సంచుల మడతల్లో మట్టి కడగండి. కంప్రెసర్ చప్పుడు మామూలుకన్నా ఎక్కువసేపు వినిపిస్తే, పసుపు దీపం కోసం ఎదురుచూడకండి. దీపం వెలిగిందంటే ఆలస్యమైనట్టే. దిగిపోయిన బండిని గతుకుల్లో వేగంగా తోలకండి.

నెల తిరిగేసరికి ఆ బండి ఆసుపత్రి నుంచి వెళ్తూ షెడ్డు ముందు ఆగింది. పెద్దావిడ కాళ్లు చాపుకోవాలని దిగి, కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగింది. పక్క కుర్చీలో మేస్త్రి తండ్రి. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించీ మాత్రల గురించీ మాట్లాడుకున్నారు. ‘రోజూ వేసుకుంటున్నారా?’ అందావిడ. ‘వేసుకోకపోతే మావాడు పట్టీ లెక్కపెడుతున్నాడండీ’ అన్నాడాయన.

వెళ్లేటప్పుడు ఓనరు మీట నొక్కాడు. బండి సుతారంగా కిందికి దిగింది. ఆవిడ ఎక్కింది. తలుపు పడింది. ఇంజిను స్టార్టయింది, కింద కంప్రెసర్ ‘గుర్ర్...’మంది. మేస్త్రి చేతిగడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. పది సెకన్లు. ఇరవై. బండి మెల్లగా లేచి నిలబడింది. నిమిషం తిరక్కుండానే చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విని, అతను లోపలికి వెళ్లి పానా అందుకున్నాడు.